ఫినెస్ట్రే ఎక్కాలా, అస్సియెత్తా మీద తిరగాలా?

ఇటలీ ఆల్ప్స్‌లో గ్రావెల్ బైక్ (కంకరదారుల మీద తొక్కే సైకిల్) తొక్కేవాళ్లను ఊరించే రెండు మట్టిదారులు, ఫినెస్ట్రే, అస్సియెత్తా, పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకప్పుడు సైన్యం కోసం వేసినవే, స్వభావాలు మాత్రం పూర్తిగా వేరు.

ఫినెస్ట్రే కనుమకు సూసా అనే ఊరి నుంచి సుమారు 18 కిలోమీటర్లు, ఏకధాటిగా ఎక్కుడే. సగటు వాలు 9 శాతం పైనే. చివరి 8 కిలోమీటర్లు కంకర. అక్కడ సీటు మీంచి లేచి తొక్కితే వెనక టైరు పట్టు తప్పి ఉన్నచోటే తిరుగుతుంది. కూర్చునే, చిన్న గేర్‌లో, ఓపిగ్గా తొక్కాలి. 2018లో ఇటలీ సైకిల్ రేసు జిరో డిటాలియాలో సైక్లిస్టు క్రిస్ ఫ్రూమ్ అందరినీ వదిలేసి దూసుకుపోయింది ఈ కంకర మీదే. 2,178 మీటర్ల దగ్గర కనుమ దాటగానే తారు రోడ్డు.

అస్సియెత్తా దారి కొండ అంచు వెంటే సాగుతుంది. కనుమ ఎత్తు 2,472 మీటర్లు. ఎక్కుడు అంత కఠినం కాదు గానీ గంటల తరబడి 2,000 మీటర్ల పైనే ఉండాలి. నీడ ఉండదు. మధ్యాహ్నం ఉరుములు మొదలైతే నిజంగా టెన్షనే, తలదాచుకునే చోటు దొరకదు. అదురుకు చేతులు తిమ్మిరెక్కుతాయి కాబట్టి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసి, గాలి కాస్త తగ్గించుకోవాలి.

అయినా నా ఓటు అస్సియెత్తాకే. వేసవిలో కొన్ని రోజులు మోటారు బళ్లను రానివ్వరు, ఆ రోజు చూసుకుని పొద్దున్నే బయల్దేరండి.