మహాబలిపురం, చెన్నై, విశాఖ: లైట్‌హౌస్ చూడాలంటే బస ఎక్కడ?

పగలు టికెట్ కొని, మెట్లెక్కి, నాలుగు ఫోటోలు తీసుకుని దిగిపోతే లైట్‌హౌస్ సగమే చూసినట్టు. నావికుడికి అది అక్కరకొచ్చేది రాత్రి. సందర్శకులను సాయంత్రం ఐదు, ఐదున్నరకల్లా దించేస్తారు. దీపం వెలిగేది ఆ తర్వాతే. అందుకే ఈ యాత్రలో ఏ లైట్‌హౌస్ ఎక్కాలన్న దానికన్నా, చీకటి పడ్డాక ఎక్కడ ఉండాలన్నది ముందు తేల్చుకోవాలి. ఒక్క రాత్రే వీలుంటే మహాబలిపురానికి ఓటు.

అక్కడి కొండ మీద రెండు కాలాల దీపాలు పక్కపక్కనే ఉన్నాయి. మహిషమర్దిని గుహ మీద నిలిచిన ఓలక్కన్నేశ్వర ఆలయం పల్లవుల కాలంనాటిది, ఎనిమిదో శతాబ్దానిది. 1887లో తెల్లవాళ్ళు దాని పైకప్పు మీదే దీపం పెట్టారు. ఆ పక్కన గుండ్రటి రాతి బురుజు కట్టాక దీపం అక్కడికి మారింది. బురుజు ఎత్తు 26 మీటర్లు. ముందు ఆలయం దగ్గర నిలబడి సముద్రం వైపు చూడండి, తర్వాత బురుజు ఎక్కండి. ఈ తీరం పొడుగునా నేల చదునే, కొండలు అరుదు. అందుకే దీపానికి వాళ్ళు ఈ గుట్టను ఏరుకున్నారు. ఆ సంగతి పుస్తకంలో చదివినదానికన్నా అక్కడ నిలబడితే తేలిగ్గా అర్థమవుతుంది.

బురుజులో మెట్లు మెలికలు తిరుగుతూ పైకి వెళ్ళేకొద్దీ ఇరుకవుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, చంటిపిల్లలను ఎత్తుకున్నవాళ్ళు కిందున్న మ్యూజియంతో సరిపెట్టుకోవడం మంచిది. అదేమీ తక్కువ కాదు: పాత దీపాలు, కటకాలు కంటి ఎదుటే ఉంటాయి. ఫ్రెనెల్ కటకాన్ని నిదానంగా చూడండి. మధ్యలో కుంభాకార గాజు, దాని చుట్టూ వలయాలుగా పట్టకాలు. నలువైపులా చెదిరిపోయే వెలుగును ఇవి వంచి, దిగంతం వైపు పలచటి పట్టీలా పంపుతాయి. ఇలాంటి కటకమున్న గదికి పగటిపూట తెరలు దించుతారు. దించకపోతే ఎండ అదే దారిలో వెనక్కి వచ్చి లోపలి దీపాన్ని, తీగలను కాల్చేస్తుంది.

టికెట్ల విషయంలో ఒక తికమక ఉంది. సముద్రతీర ఆలయం, పంచరథాల టికెట్ పురావస్తు శాఖది. లైట్‌హౌస్ టికెట్ దీపస్తంభాల శాఖది, వేరుగా కొనాలి. మధ్యాహ్నం భోజన విరామం ఉంటుంది కాబట్టి పదింటికే వెళ్తే ఎండా తక్కువ, రద్దీ తక్కువ.

బస దగ్గర చాలామంది డబ్బు పెట్టి పొరపాటు కొంటారు. ఇక్కడ లైట్‌హౌస్ ఉన్నది ఊరికి పడమటి పక్క గుట్ట మీద. బీచ్ రిసార్టులో సముద్రం వైపు గదికి ఎక్కువ ఇచ్చి తీసుకుంటే దీపం మీ వీపు వెనకే ఉంటుంది. ఒత్తవాడై వీధి చుట్టుపక్కల గెస్ట్‌హౌస్‌లు చవక. బయానా ఇచ్చేముందు డాబా ఎక్కి, బురుజు తల కనిపిస్తుందో లేదో చూసుకోండి. తమిళనాడు పర్యాటక సంస్థ వారి రిసార్టు కుటుంబాలకు అనువైనది, ఆవరణ పెద్దది. దీపం చూడాలంటే మాత్రం రాత్రి ఇసుకలోకి నడవాలి. ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు. చెన్నై నుంచి తీరం వెంట పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బస్సులో సుమారు 55 కిలోమీటర్లు, లేదంటే చెంగల్పట్టులో దిగి రోడ్డున రావాలి.

చెన్నై మెరీనా లైట్‌హౌస్ మెట్లెక్కలేనివాళ్ళకు వరం, లిఫ్టు ఉంది. 1977 నుంచి పనిచేస్తున్న ఈ ముక్కోణపు కట్టడం ఊళ్ళో నాలుగో దీపం. మొదటిది 1796లో సెయింట్ జార్జి కోటలో వెలిగింది. రెండోది 1844 నాటి రాతి స్తంభం, హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ ఉంది. మూడోది 1894లో హైకోర్టు గోపురం మీదికే ఎక్కింది. ఆ కాలంలో చాలా ఏళ్ళు మద్రాసుకు రేవు లేదు. ఓడలు అలల అవతల లంగరేసుకుంటే సరుకు, మనుషులు మసూలా పడవల్లో ఒడ్డుకొచ్చేవారు. రాత్రి వచ్చే ఓడకు ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ దీపమే. కోర్టు ఆవరణలోకి పోనిచ్చేది భద్రతా సిబ్బంది ఇష్టం, దాని కోసం రోజు కేటాయించకండి. మెరీనా దీపానికి ఎం.ఆర్.టి.ఎస్. నగర రైల్లో లైట్‌హౌస్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. సోమవారం సాధారణంగా మూసి ఉంటుంది.

బస ట్రిప్లికేన్ లాడ్జీల్లోనో మైలాపూరులోనో చూసుకుని, చీకటి పడ్డాక ఇసుకలోకి వెళ్ళండి. దీపం కాళ్ళ దగ్గర నిలబడితే లాభం లేదు, వెలుగు పట్టీ నెత్తి మీదుగా పోతుంది. ఉత్తరానికి ఒకటి రెండు కిలోమీటర్లు నడిచి నీళ్ళ అంచున నిలబడి స్టాప్‌వాచ్ పట్టండి. చెన్నై దీపం గుర్తు పది సెకన్లకు రెండు తెల్ల మెరుపులు. జంటలోని మొదటి మెరుపు దగ్గర మొదలుపెట్టి, తర్వాతి జంటలోని మొదటి మెరుపు వరకు లెక్కించాలి. కొత్తవాళ్ళు జంటలోని రెండు మెరుపుల మధ్య ఎడాన్నే కొలిచి తప్పు దీపం అనుకుంటారు. ఐదు చుట్లు కొలిచి ఐదుతో భాగిస్తే చేతి తొందర సర్దుకుంటుంది. ఓడ మీద చేసేదీ ఇదే: ఈ గుర్తును దీపాల పట్టికతో సరిపోల్చి, అది ఏ ఊరి దీపమో రూఢి చేసుకున్నాకే దిక్సూచితో దిశ తీసి పటం మీద గీత గీస్తారు. రెండు దీపాల గీతలు కలిసిన చోట ఓడ ఉన్నట్టు.

ఎంత దూరం కనిపిస్తుందన్నది దీపం బలం ఒక్కదాన్ని బట్టే ఉండదు, భూమి వంపూ అడ్డొస్తుంది. దీపం ఎత్తు, చూసే కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలను కూడి 2.08తో హెచ్చిస్తే నాటికల్ మైళ్ళొస్తాయి (ఇవి సముద్రపు మైళ్ళు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు). చెన్నై దీపం సముద్రమట్టానికి సుమారు 57 మీటర్ల ఎత్తున ఉంది. ఓడ వంతెన (ఓడను నడిపే పై గది) మీద 16 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి 24 మైళ్ళు. మరపడవలో 2 మీటర్ల ఎత్తున కూర్చున్న జాలరికి 18.6 మాత్రమే. వెలుగుకు 28 మైళ్ళ సత్తా ఉన్నా జాలరికి అది అందదు.

ఈ లెక్కకు విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ మంచి ఉదాహరణ. అక్కడి ఎత్తు కొండ ఇచ్చింది. 170 మీటర్ల ఎత్తున దీపం ఉందనుకుంటే అదే ఓడకు 35 మైళ్ళు దాటుతుంది. ఎత్తుకు ఒక చెడ్డ గుణం కూడా ఉంది: మబ్బు కిందికి దిగితే దీపం దానిలో మునిగిపోతుంది. చూసే ఓడకు కొండ అడుగు స్పష్టంగా, తల మాయం. ఇక్కడ సందర్శన సాధారణంగా సాయంత్రం కొద్ది గంటలే. దారి నౌకాదళం కనుసన్నల్లో ఉంటుంది, అసలు గుర్తింపు కార్డు తీసుకెళ్ళండి, బయలుదేరే ముందు వేళలు కనుక్కోండి. బస కొండ అవతలి యారాడలో కన్నా బీచ్ రోడ్డులో మేలు: భోజనం దగ్గర, కొండ కూడా ఎదురుగా.

చెన్నై, మహాబలిపురం యాత్రకు జనవరి నుంచి మార్చి నయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల గాలివానలకు పై వరండా మూసేయొచ్చు.