జాగ్రత్త: వైన్ లిస్టులో 2018, బల్ల మీదకి వచ్చింది 2020

బే ఏరియాలో ఉండే మనవాళ్లకి ఆ స్టీక్‌హౌస్ ఏదో విడమర్చి చెప్పక్కర్లేదు. శాన్ హోసేలో, వ్యాలే పార్కింగ్, లెదర్ సోఫాలు, లోపలికి అడుగు పెట్టగానే గాజు బీరువాలో మాగబెట్టిన మాంసం. పేరు రాయను, మీకు తెలిసే ఉంటుంది. నిన్న రాత్రి అక్కడ చేతి చమురు బాగా వదిలింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి రాతలో హెచ్చుతగ్గులుంటే సర్దుకోండి.

మా బావగారికి గ్రీన్‌కార్డు వచ్చింది. ఎన్నేళ్ల ఎదురుచూపో మీకు వేరే చెప్పాలా? అందుకే ఈసారి కాస్త ఘనంగా చేద్దామని అందరం వెళ్లాం. బీఫ్ తినేది మాలో ఇద్దరమే, మిగతావాళ్లు లాంబ్ చాప్స్, సాల్మన్. మరి స్టీక్‌హౌస్‌కి ఎందుకెళ్లారని మా అత్తగారు ఇప్పటికే అడిగేశారు, మీరు వదిలేయండి.

వైన్ లిస్టు తెచ్చి చేతిలో పెట్టారు. సగం పేజీలు నాపా క్యాబర్నేలే, అంటే నాపా లోయలో క్యాబర్నే అనే ద్రాక్షతో చేసే రెడ్ వైన్లు. అందులో నాపాలోని ఓక్‌విల్ నుంచి వచ్చిన 2018 (అంటే ఆ ఏడాది ద్రాక్షతో చేసిన) బాటిల్ ఒకటి చూసి చెప్పాను. 240 డాలర్లు. అదే బాటిల్ షాపులో 90 లోపే దొరుకుతుంది. రెస్టారెంట్లు షాపు ధరకి రెండు మూడు రెట్లు వేయడం మామూలే, దాని గురించి నాకు పేచీ లేదు. గ్లాసుల లెక్కన తాగితే ఇంకా బాదుడు. 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో ఐదు గ్లాసులు వస్తాయి, చాలాచోట్ల మొదటి గ్లాసు ధరతోనే వాళ్లు హోల్‌సేల్‌లో ఆ బాటిల్‌కి పెట్టిన డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అందుకే తెలివిగా బాటిల్ చెప్పాననుకున్నా.

బాటిల్ వచ్చింది. మెడ నుంచి నడుము దాకా తెల్లటి న్యాప్కిన్ చుట్టి ఉంది, కార్క్ అప్పటికే తీసేసి ఉంది. "గాలి తగలాలని లోపలే తెరిచాం సార్" అన్నాడు వెయిటర్. లేబుల్ చూపించలేదు. బావగారి గ్లాసులో రెండు గుక్కలు పోసి నిలబడ్డాడు. పాపం ఆయనకి విస్కీ తప్ప మరొకటి తెలీదు, మొహమాటానికి "వెరీ నైస్" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే అందరి గ్లాసుల్లో చకచకా పోసేశాడు. అతను అటు వెళ్లగానే నేను న్యాప్కిన్ తప్పించి చూస్తే 2020.

రెండేళ్ల తేడాయే కదా, దానికింత రాద్ధాంతమా అనేవాళ్లు ఉంటారు. 2020 సెప్టెంబర్లో ఒకరోజు పట్టపగలు ఇక్కడ ఆకాశం నారింజ రంగులోకి మారిపోయింది, గుర్తుందా? ఆ ఏడాది ఆగస్టులో పిడుగులు పడి మొదలైన మంటల వల్ల నాపా చుట్టుపక్కలంతా పొగ కమ్మేసింది. సెప్టెంబర్ 27న గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చు ఏకంగా నాపా లోయలోనే అంటుకుంది. క్యాబర్నే ఆలస్యంగా పండే రకం కాబట్టి చాలా తోటల్లో పంట ఇంకా తీగల మీదే ఉంది. పొగ ద్రాక్ష తొక్కలోకి ఎక్కుతుంది. రెడ్ వైన్‌ని తొక్కతో సహా పులియబెడతారు కాబట్టి ఆ వాసన వైన్‌లోకీ దిగుతుంది. ఈ గొడవంతా ఎందుకని ఆ ఏడాది క్యాబర్నే చేయడమే మానేసిన వైనరీలు చాలా ఉన్నాయి. ముందే కోసి బాగా చేసినవాళ్లూ లేకపోలేదు, అందరినీ ఒకే గాటన కట్టను. కానీ 2018కి మంచి పేరుంది, నేను అడిగింది అది. లేబుల్ మీద నాపా వ్యాలీ అని ప్రాంతం పేరు వేసి సంవత్సరం కూడా వేస్తే, కనీసం 95 శాతం వైన్ ఆ ఏడాది పంటదే అయ్యుండాలని అమెరికాలో రూలే ఉంది. అది అలంకారానికి వేసిన అంకె కాదు.

పిలిచి అడిగాను. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. సారీ లేదు, అయ్యో లేదు. "2018 అయిపోయింది సార్, అదే వైన్ ఇది, ధర కూడా మార్చలేదు" అన్నాడు, మాకేదో ఉపకారం చేసినట్టు. ముందే ఎందుకు చెప్పలేదంటే చిన్నగా నవ్వి, అందరి ముందూ, "మీకు రుచిలో తేడా ఏమైనా తెలిసిందా సార్?" అన్నాడు.

బల్ల అంతా నిశ్శబ్దం. అక్క కింద నుంచి నా కాలు తొక్కుతోంది. బావగారు "పోనీవయ్యా, గొడవెందుకు" అంటున్నారు. 2018 కూడా పోసి ఉంటే కదా తేడా తెలిసేది? ఆ జవాబు నాకు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు.

మేనేజర్ వచ్చి లిస్టు చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. సంవత్సరాలు ముందస్తు సూచన లేకుండా మారవచ్చట. మరి పక్కన 2018 అని అంత ముద్దుగా అచ్చు వేయడం దేనికో! తెరిచిన బాటిల్ వెనక్కి తీసుకోలేమన్నాడు, మా తృప్తి కోసం ఒక చీజ్‌కేక్ ముక్క ఫ్రీగా పంపాడు. ఒక ముక్క, ఆరు స్పూన్లు. వైన్ తాగితే చివర్లో బూడిద వాసన లాంటిది తగిలింది. అది పొగదో నా కడుపుమంటదో చెప్పలేను. టాక్స్, టిప్ కలిపి ఆ ఒక్క బాటిల్‌కే మూడొందలు దాటింది. అంత జరిగాక కూడా 18 శాతం టిప్ పెట్టొచ్చిన మహానుభావుణ్ణి నేనే.

అన్నట్టు, వెళ్లేవాళ్లు ఉంటే. కార్క్ మీ బల్ల దగ్గరే తీయమనండి, తీసేముందు లేబుల్ మీద పేరు, సంవత్సరం మీరే చదవండి. రుచి చూడమని పోసేలోపే అడగాలి, గ్లాసులు నిండాక మన మాట చెల్లదు. లిస్టులో సంవత్సరం వేయకుండా ఉత్త "నాపా క్యాబర్నే" అని ఉంటే దాని జోలికే పోకండి. మిగిలిన వైన్ వదిలేసి రావద్దు, కాలిఫోర్నియాలో భోజనంతో కొన్న బాటిల్ మిగిలితే ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇక్కడ చాలా రెస్టారెంట్లు కార్కేజ్ ఫీజు తీసుకుని మన బాటిల్ మనల్నే తెచ్చుకోనిస్తాయి, ఎంతో ముందే ఫోన్ చేసి అడగండి. తమ లిస్టులో ఉన్న వైన్ మాత్రం బయటి నుంచి తేవద్దంటారు. ఈ స్టీక్‌హౌస్‌లో ఆ ఇబ్బంది కూడా లేదు, లిస్టులో ఉన్నది వాళ్ల దగ్గర ఉంటేగా!