ఒకే కథ, రెండుసార్లు: హిచ్‌కాక్ 1934, హిచ్‌కాక్ 1956

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తన సినిమాను తానే రీమేక్ చేశాడు. 'ది మ్యాన్ హూ న్యూ టూ మచ్' మొదట 1934లో బ్రిటన్‌లో, మళ్లీ 1956లో హాలీవుడ్‌లో.

పాతది నలుపు తెలుపు, గంటంపావు. కథ స్విట్జర్లాండ్ మంచులో మొదలవుతుంది, కిడ్నాప్ అయ్యేది కూతురు. కొత్తది రంగుల్లో, రెండు గంటలు. మొరాకోలో మొదలు, ఈసారి కొడుకు. విలన్ విషయంలో మాత్రం పాతదానికే నా ఓటు. పీటర్ లోరే నవ్వుతుంటేనే భయమేస్తుంది.

రెండింట్లోనూ అసలు ఘట్టం లండన్ ఆల్బర్ట్ హాల్‌లోనే. కచేరీలో కంచు తాళాలు ఠంగుమన్న క్షణంలో హంతకుడి తుపాకీ పేలాలి, ఆ మోతలో కాల్పుల చప్పుడు కలిసిపోవాలి. 1934లో ఇది చకచకా అయిపోతుంది. 1956లో దాదాపు పన్నెండు నిమిషాలు, ఒక్క మాటా వినిపించదు. కుర్చీ మీద ఊరికే పడి ఉన్న ఆ తాళాలను చూపిస్తాడు చూడండి, టెన్షన్‌తో ఊపిరాడదు! ఆర్కెస్ట్రా నడిపిస్తున్నది సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ స్వయంగా.

తల్లి పాత్రే పెద్ద తేడా. పాతదాంట్లో ఆవిడ గురి తప్పని షూటర్. చివర్లో పోలీసు రైఫిల్ అందుకుని హంతకుణ్ణి తనే కాల్చేస్తుంది. కొత్తదాంట్లో డోరిస్ డే గాయని. ఎంబసీలో గొంతెత్తి పాడుతుంది, మేడ మీద బందీగా ఉన్న పిల్లాడికి వినపడాలని. ఆ పాట 'కే సెరా సెరా'కి ఆస్కార్ వచ్చింది.

మొదటిది ప్రతిభ ఉన్న అమెచ్యూర్ పని, రెండోది ప్రొఫెషనల్ పని అన్నాడు హిచ్‌కాక్. హాల్ సీన్ వరకూ ఒప్పుకుంటాను. ఆ రైఫిల్ గుర్తొస్తే మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు.