ఆరేళ్ల మైనం పూత: ఉక్కు కత్తులు, కవచాల మీద నా అనుభవం

నా సేకరణ పెద్దదేమీ కాదు. మూడు కత్తులు, ఒక శిరస్త్రాణం, ఒక జత చేతి కవచాలు, ఒక గొలుసు కవచం. అన్నీ కార్బన్ ఉక్కువే, స్టెయిన్‌లెస్ ఒక్కటీ లేదు. అంటే కాస్త అశ్రద్ధ చేస్తే చాలు, తుప్పు పట్టేస్తుంది. మొదటి రెండేళ్లు వీటికి నూనె రాసేవాణ్ణి. ఆ తర్వాత మైక్రోక్రిస్టలైన్ మైనానికి, అంటే పెట్రోలియం నుంచి తీసే, చాలా సన్నటి స్ఫటికాలున్న మైనానికి మారి ఆరేళ్లయింది.

నూనె ఎందుకు మానేశానంటే, అది నిలబడదు. గోడకు నిలువుగా తగిలించిన కత్తి మీద రాస్తే నెమ్మదిగా మొన వైపు జారిపోతుంది. పిడి దగ్గర పొడిబారుతుంది, కింద జిడ్డు పేరుకుంటుంది, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి కాపాడాల్సిన పూతే చేటు చేస్తుంది. అలాగని నూనె చెడ్డదని నేను అనను. జపాన్ కత్తులకు తరతరాలుగా నూనే వాడుతున్నారు. కానీ వాళ్లు పాత నూనెను పూర్తిగా తుడిచేసి మళ్లీ కొత్తది రాస్తారు, ఆ పని క్రమం తప్పకుండా చేస్తారు. నాకు అంత ఓపిక కుదరలేదు.

ఈ రకం మైనాన్ని మ్యూజియంలలో పాత లోహ వస్తువులకు వాడతారు. బాగా పేరున్న ఒక మిశ్రమం బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలోనే తయారైంది. డబ్బాలో మెత్తటి ముద్దలా ఉంటుంది. అందులోని ద్రావకం ఆవిరైపోయాక ఉక్కు మీద పల్చటి గట్టి పొర మిగులుతుంది. చేతికి జిడ్డు అంటదు, దుమ్ము పట్టదు. వద్దనుకుంటే వైట్ స్పిరిట్‌తో (పెయింట్లు పల్చన చెయ్యడానికి వాడే ద్రావకం) తీసెయ్యొచ్చు. పాత వస్తువులున్న వాళ్లకు ఇది చాలా ముఖ్యం. రాసేటప్పుడు మాత్రం కిటికీలు తెరిచి పెట్టుకోండి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి.

మొదటిసారి రాసినప్పుడు పెద్ద తప్పే చేశాను. శిరస్త్రాణాన్ని వట్టి చేతులతో పట్టుకుని పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే మైనం పట్టించాను. అద్దంలా మెరిసింది. మూడు వారాల తర్వాత చూస్తే నుదుటి భాగంలో గోధుమ రంగు మచ్చ. దగ్గరికి తీసుకెళ్లి చూశాను. అది నా బొటనవేలి ముద్ర! వేలి మీది గీతలు, మధ్యలోని సుడి కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా తుప్పుతో అచ్చయి ఉన్నాయి. చెమటలోని ఉప్పు పూత కింద చిక్కుకుపోయి తన పని తాను చేసుకుపోయింది. మైనం బయటి తేమను అడ్డుకుంటుంది గానీ, లోపల మనం వదిలేసిన ఉప్పును ఏమీ చెయ్యలేదు. నూనె వేసి 0000 నంబరు స్టీల్ ఊల్‌తో (చాలా సన్నటి ఉక్కు పీచు) మెల్లగా రుద్దితే రంగు పోయింది, సన్నటి గరుకు మాత్రం ఇప్పటికీ వేలికి తగులుతుంది. అది కొత్తగా చేసిన నమూనా కాబట్టి రుద్దడానికి ధైర్యం చేశాను. నిజమైన పాత వస్తువైతే అలా చెయ్యకండి, దాని పైపొర పోతే మళ్లీ రాదు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ముందు చేతికి గ్లవ్స్ వేసుకుంటాను. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడుస్తాను, ఎందుకంటే ఉప్పు కరిగేది నీటిలోనే. ఆ వెంటనే ఆల్కహాల్ స్పిరిట్‌తో తుడిచి తడి, జిడ్డు రెండూ పోగొడతాను. తర్వాత హెయిర్ డ్రయర్‌తో ఉక్కు గోరువెచ్చగా అయ్యేదాకా వేడి చేస్తాను. ఆ వెచ్చదనానికి మైనం చక్కగా పరుచుకుంటుంది. చిటికెడు చాలు. ఆరాక మెత్తటి నూలు గుడ్డతో మెరుగు పెట్టి, మర్నాడు ఇంకో పూత వేస్తాను. గోడ మీది కత్తులకు ఏడాదికి ఒకసారి ఇలా చేస్తే సరిపోతోంది. తరచూ చేతిలోకి తీసుకునే కత్తికి మూడు నెలలకోసారి తప్పదు.

గొలుసు కవచానికి మాత్రం మైనం పనికిరాలేదు. వేల రింగులు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, పూత గీసుకుపోతుంది. దానికి ఇప్పటికీ పల్చటి మినరల్ ఆయిలే వాడుతున్నాను. చేతి కవచాల్లో రివెట్ల చుట్టూ, తోలు పట్టీల కింద మైనం సరిగ్గా చేరదు. అక్కడ ఇయర్ బడ్‌తో నూనె అద్దుతాను. ఆరేళ్లలో కొత్తగా తుప్పు కనిపించింది దాదాపు ఆ చోట్లలోనే.

డబ్ల్యూడీ-40 స్ప్రే గురించి చాలామంది అడుగుతుంటారు. ఆ పేరులోని రెండక్షరాలకు అర్థమే నీటిని తోసెయ్యడం. తడిసిన కత్తికి వెంటనే కొట్టడానికి బాగుంటుంది. నెలల తరబడి కాపు కాయడానికి దాని పొర మరీ పల్చన.

కత్తిని తోలు ఒరలో దాచడం మానేశాను. చూడ్డానికి అదే అందం, ఒప్పుకుంటాను. కానీ తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, తోలు పదును చేసినప్పటి ఆమ్లాలు కూడా అందులో మిగిలి ఉంటాయి. ఒర ఒకచోట, కత్తి ఒకచోట పెడుతున్నాను. అల్మరాలో తేమ మీటరు, తేమను పీల్చే సిలికా జెల్ ఉంటాయి. మీటరు 50 శాతం దాటితే జెల్ గింజలను వేడి చేసి ఆరబెడతాను. మొన్న తలుపు తీసినప్పుడు 46 చూపించింది.