ఐర్లాండ్ ఓడలవాళ్లు, వర్తకులు: నేను ఏళ్లుగా వాడుతున్న రికార్డు సైట్లు

ఐర్లాండ్‌లో పూర్వీకుల కోసం వెతుకుతున్నాం అనగానే అందరూ అనే మాట: "అక్కడి పాత రికార్డులన్నీ 1922లో కాలిపోయాయి కదా!" ఆ ఏడాది జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జనగణన పుస్తకాలు చాలామటుకు బూడిదయ్యాయి. నిజమే. కానీ 1861, 1871 లెక్కలను అంతకు ఎంతో ముందే సర్కారే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితపు గుజ్జుకి పోయాయి. మంటల మీద వేసే నిందలో సగం సర్కారుకే చెందాలి. అయినా మిగిలింది తక్కువేం కాదు. మా వారి తరఫువాళ్లు వాటర్‌ఫర్డ్ రేవు నుంచి వెన్న, ఉప్పువేసిన పందిమాంసం ఎగుమతి చేసిన వర్తకులు, ఓడల మీద బతికినవాళ్లు. వాళ్ల కోసం నేను వాడిన సైట్లలో ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగో చెబుతాను.

ముందు ఉచితమైనవి. ఐరిష్ జీనియాలజీ అనే ప్రభుత్వ సైటులో పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్ల పేజీలే స్కాన్ చేసి పెట్టారు. వందేళ్లు దాటిన జననాలు, 75 దాటిన పెళ్లిళ్లు, 50 దాటిన మరణాలు పైసా కట్టకుండా చూడొచ్చు. అయితే అందరి నమోదూ మొదలైంది 1864లోనే. అంతకు ముందువాళ్ల కోసం చర్చి పుస్తకాలే దిక్కు. క్యాథలిక్ పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) రిజిస్టర్లను నేషనల్ లైబ్రరీ 2015లో ఆన్‌లైన్‌లో పెట్టింది. అక్కడ పేరు కొట్టి వెతికే వీల్లేదు, నెలలవారీగా పేజీలు తిప్పుకోవాలి. చాలాచోట్ల పేర్లు లాటిన్‌లో, సిరా వెలిసిపోయి ఉంటాయి. ఓపిక లేనివాళ్లకి ఇది పనికాదు.

వాటర్‌ఫర్డ్‌లో పవర్, వాల్ష్ ఇంటిపేర్లవాళ్లు ఏ వీధిలో చూసినా ఉంటారు. అయితే పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ అక్కడా ఉండేది. తాత పేరు పెట్టుకోవడం మనకి కొత్త కాదు కదా, ఒకే పారిష్‌లోని ముగ్గురు జాన్‌లలో మావాడెవడో దాని ఆధారంగానే తేల్చాను. ఐర్లాండ్ రక్తమున్న మా వారికి ఆ సంగతి తట్టనే లేదు.

ఓడలవాళ్ల వ్యవహారం వేరు. ఏడాదిలో సగం పైగా నీళ్ల మీదే ఉండేవాడు జనగణన రాత్రి ఇంట్లో ఉండడు. 1901, 1911 లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా ఉన్నాయి. తీసి చూస్తే భార్య పేరుంటుంది, "నావికుడి భార్య" అని ఉంటుంది, ఆయన మాత్రం ఉండడు. ఇలాంటివాణ్ణి మనిషి పేరుతో కాదు, ఓడ పేరుతో వెతకాలి. 1855 నుంచి బ్రిటిష్ రిజిస్టర్‌లోని ప్రతి ఓడకీ ఒక అధికారిక నంబరు ఇచ్చారు. పేరు మారినా, యజమాని మారినా నంబరు మారదు. "మేరీ" అనే పేరుతో ఎన్ని ఓడలున్నాయో చూశాక ఆ నంబరు విలువ తెలిసింది. ఓడ పేరు ఇస్తే నంబరు చెప్పేది క్రూ లిస్ట్ ఇండెక్స్ ప్రాజెక్ట్. హంగూ ఆర్భాటం లేని సైటు. నేను అన్నిటికన్నా ఎక్కువగా తెరిచేది దాన్నే.

నంబరు దొరికాక సిబ్బంది జాబితా ఎక్కడుందో చూడాలి. ఐర్లాండ్ రేవుల్లో రిజిస్టరైన ఓడలవి 1863 నుంచి 1921 దాకా కొన్ని డబ్లిన్‌లో ఉన్నాయి. మొత్తం బ్రిటిష్ ఓడల జాబితాల్లో 1863–1938 మధ్యవి 70 శాతం దాకా ఉన్నది మాత్రం కెనడాలో, న్యూఫౌండ్‌ల్యాండ్ మెమోరియల్ యూనివర్సిటీలో! 5తో ముగిసే ఏళ్లవి లండన్ గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియానికి చేరాయి. వాటిలో 1915వి ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఒక జాబితా తెరిస్తే పేరు, వయసు, పుట్టిన ఊరు, హోదా, నెల జీతం, సంతకం కనిపిస్తాయి. సంతకం రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టారు. రోజువారీ తిండి పట్టిక కూడా ఉంటుంది: రొట్టె, గొడ్డుమాంసం, పందిమాంసం, బఠాణీలు, టీ, పంచదార. మేం చూసినదాంట్లో దాని కింద "మద్యం ఇవ్వరు" అని చేత్తో రాసుంది. అసలు విలువంతా "ఇంతకు ముందు పనిచేసిన ఓడ" అన్న గడిలో ఉంది. దాన్ని పట్టుకుని ఆ ఓడ జాబితాకి, అక్కణ్ణుంచి దాని ముందుదానికి వెళ్తూ ఉండొచ్చు. వయసు మాత్రం నమ్మకండి. మా మనిషి ఒక ఓడలో 34 ఏళ్లవాడు, ఆ తర్వాతెప్పుడో ఎక్కిన ఇంకో ఓడలో 33.

మా అత్తగారు అందరికీ చెప్పుకునే "కెప్టెన్ తాత" సంగతీ ఇక్కడే తేలింది. 1850 చట్టంతో విదేశాలకు వెళ్లే ఓడల మాస్టర్లకీ (అంటే కెప్టెన్లకీ), వాళ్ల కింది అధికారులైన మేట్లకీ సర్టిఫికెట్ తప్పనిసరైంది. ఆ సర్టిఫికెట్ల జాబితాలో ఆయన లేడు. ఆవిడ మొహం చిన్నబోయింది. తీరా చూస్తే ఆయన వేల్స్ నుంచి బొగ్గు తెచ్చే స్కూనర్ అనే చిన్న తెరచాప ఓడకి మాస్టర్. దగ్గరి రేవుల మధ్య తిరిగే సరుకు ఓడకి ఆ కాగితం అక్కర్లేదు. సర్టిఫికెట్ లేదని మీ కెప్టెన్‌ని కొట్టేయకండి.

వర్తకులకైతే, ఆస్తి దస్తావేజులు నమోదు చేసే ఆఫీసు రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌ని మించింది లేదు. 1708 నుంచి ఉన్న దస్తావేజుల నకళ్లు వేరేచోట ఉండబట్టి 1922 మంటలకు చిక్కలేదు. ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర సైటులో ఖాతా తెరిస్తే ఉచితంగా చూడొచ్చు. పేర్ల సూచికలో ఆస్తి రాసిచ్చినవాడి పేరే ఉంటుంది, పుచ్చుకున్నవాడిది ఉండదు. అందుకని వీధి పేరు పట్టుకుని స్థలాల సూచికలో వెతకాలి. క్యాథలిక్కుల చేతికి భూమి పోకుండా కాపలా కాయడం కూడా ఈ ఆఫీసు పెట్టడానికి ఒక కారణం. 1778 దాకా వాళ్లకి 31 ఏళ్లకు మించి లీజు దక్కేది కాదు. కాబట్టి మీవాళ్లు క్యాథలిక్కులైతే ఆ తర్వాతి పుస్తకాలతో మొదలుపెట్టండి. మాకు దొరికిన ఒక పెళ్లి ఒప్పందంలో పెళ్లికూతురి తండ్రి, రేవు పక్కన గోదాము, "స్పెయిన్ దేశం కాడిజ్‌లో వర్తకుడు" అని ఆమె అన్న, అందరూ ఒకే పేజీలో ఉన్నారు.

ఇక డబ్బులు కట్టించుకునే ఒక పెద్ద సైటు. వేరేవాళ్లు కట్టిన వంశవృక్షాలను అది మనకి తెగ అంటగడుతుంది. అలా వచ్చిన ఒకదాంట్లో మా వారి పూర్వీకుడు తన తల్లికన్నా ముందే పుట్టాడు! దాని మీద ఏడాది చందా దండగ. అందులో ఉన్న పాత పత్రికల్లోని రేవు వార్తలు మాత్రం బాగా పనికొచ్చాయి: ఏ ఓడ ఎప్పుడొచ్చింది, ఏం సరుకు తెచ్చింది, మాస్టర్ ఎవరు. కావలసిన ఓడల పేర్లు, తేదీలు ముందే రాసిపెట్టుకుని ఒక్క నెలకి చందా కట్టండి. దొరికినవన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఆటో రెన్యువల్ మాత్రం చేరిన రోజే ఆపేయండి, ఆ బటన్ మూడు మెనూల కింద దాక్కుని ఉంటుంది.