కాలేజీ క్రీడల ఖర్చు: టికెట్టు మీద వేయాలా, ఫీజులో కలపాలా?

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఎమ్మెస్‌కు చేరిన మన పిల్లలకు ఆగస్టులో ఫీజు బిల్లు చేతికి రాగానే, ట్యూషన్ కింద వరసగా ఉండే చిల్లర పద్దులలో ‘అథ్లెటిక్ ఫీజు’ అన్నది చూసి, ఆటల జోలికే పోని మావాడు దీన్ని ఎందుకు కట్టాలని తల్లిదండ్రులు అడగడం ఏటా మామూలే. అక్కడే స్థిరపడి, శనివారాలు పిల్లలతో కలిసి స్టేడియానికి వెళ్లే కుటుంబాల ప్రశ్న వేరు: సీజన్ టికెట్టు ధర చాలదన్నట్టు ఆ సీటు కోసం విడిగా కట్టే ‘విరాళం’ ఏటికేడు ఎందుకు పెరుగుతోందని వారు అడుగుతారు. పైకి వేర్వేరుగా కనిపించినా ఈ రెండు చెల్లింపులూ చేరేది ఒకే ఖజానాకు. క్రీడా విభాగం ఖర్చును ఆట చూసేవారి దగ్గర రాబట్టడం మేలా, చదువుకొనేవారందరి మీదా పంచడం మేలా అన్నదే ఇందులో తేల్చుకోవలసిన విషయం.

ఈ ప్రశ్న 2025లో మరింత పదునెక్కింది. కాలేజీ క్రీడాకారులు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం) మీద వేసిన హౌస్ కేసులో కుదిరిన రాజీకి ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆ ఏడాది జూన్ 6న ఆమోదం తెలపడంతో, విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించే వీలు జూలై 1 నుంచి కలిగింది. 2025-26 విద్యా సంవత్సరానికి ఒక్కొక్క విశ్వవిద్యాలయం చెల్లించగల గరిష్ఠ మొత్తం సుమారు 2.05 కోట్ల డాలర్లు. గరిష్ఠం అన్నారే గాని కట్టి తీరాలని ఎవరూ అనలేదు. అయినా అమెరికన్ ఫుట్‌బాల్‌లో నిలదొక్కుకోవాలనుకునే ఏ పెద్ద విశ్వవిద్యాలయమూ ఎదుటి జట్టు ఇస్తుంటే చూస్తూ ఊరుకోలేదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న దగ్గర అమెరికా దక్షిణాదికే చెందిన రెండు విశ్వవిద్యాలయాలు రెండు దారులు పట్టాయి. టెనసీ విశ్వవిద్యాలయం 2025 సీజన్ టికెట్లపై పది శాతం ‘టాలెంట్ ఫీజు’ వేస్తున్నట్టు 2024 సెప్టెంబరులోనే ప్రకటించింది. దక్షిణ కరోలినాలోని క్లెమ్సన్ మాత్రం 2025 ఆగస్టులో మొదలైన సెమిస్టరు నుంచి విద్యార్థుల మీద సెమిస్టరుకు 150 డాలర్ల అథ్లెటిక్ ఫీజు కొత్తగా విధించింది. అవసరం ఒకటే, కాలమూ ఒకటే. మొదటి చోట లక్షకు పైగా జనం పట్టే నేలండ్ స్టేడియంలో సీటు కావాలనుకున్నవారు కట్టారు. రెండో చోట తరగతిలో సీటు తీసుకున్నవారు కట్టారు.

ఫీజు పద్ధతికి ఉన్న బలాన్ని తక్కువగా చూడకూడదు. జట్టు గెలిచినా ఓడినా, వాన పడినా, ఫీజు ఆదాయం తగ్గదు. ముప్ఫై, నలభై వేల మంది విద్యార్థులున్న చోట తలకు కొంత మొత్తం వేసినా కోట్ల డాలర్లు పోగవుతాయి. ఆ ఆదాయాన్ని చూపించి బాండ్ల ద్వారా అప్పు తెచ్చుకోవచ్చు. మన విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే డెంటన్‌లోని నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో జరిగింది ఇదే. కొత్త స్టేడియం కోసం అథ్లెటిక్ ఫీజుకు ఒప్పుకుంటారా అని 2008లో విద్యార్థుల ముందే ఓటింగు పెట్టారు. స్టేడియం తెరిచేదాకా ఆ ఫీజు వసూలు కాకూడదన్న ఏర్పాటుతో అది నెగ్గింది. ముప్ఫై వేల పైచిలుకు సీట్లున్న ఆ స్టేడియం 2011లో తెరుచుకుంది. టికెట్ల ఆదాయాన్నే నమ్ముకుని ఉంటే ఆ స్థాయి విశ్వవిద్యాలయానికి అప్పు ఇచ్చేవారు దొరకడం కష్టమే. పైగా విద్యార్థులను అడిగి వేశారు కాబట్టి మిగతా చోట్లతో పోలిస్తే ఇది మర్యాదైన పద్ధతే.

అయితే అడిగింది ఎవరిని, కడుతున్నది ఎవరు? 2008లో మూడో ఏడో, నాలుగో ఏడో చదువుతూ ఓటు వేసినవారిలో చాలామంది 2011 నాటికి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయే ఉంటారు. ఈ రోజు ఆ ఫీజు కట్టే గుంటూరు పిల్లవాడు ఆనాటికి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్నాడు. అసలు అమెరికాలో ఎమ్మెస్ అంటే ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు. ఆ వ్యవధిలో ఫీజుల కమిటీలో కూర్చుని మాట్లాడే తీరిక గాని చొరవ గాని మనవాళ్లలో ఎందరికి ఉంటుంది? ఈ రకం ఫీజును క్రెడిట్ల (కోర్సు పరిమాణాన్ని కొలిచే యూనిట్ల) లెక్కన వసూలు చేసే చోట క్రెడిట్‌కు పది డాలర్లు అనుకున్నా, సెమిస్టరుకు తొమ్మిది క్రెడిట్లు తీసుకునేవాడికి తొంభై డాలర్లు అవుతుంది. మన డబ్బులో అది ఏడున్నర వేల రూపాయలకు తక్కువ కాదు. విద్యా రుణం మీద వడ్డీ కట్టే ఇంట్లో ఆ లెక్క తప్పకుండా కనిపిస్తుంది. దానికి బదులుగా ఆటలకు ఉచిత ప్రవేశం ఉంటుందంటారు. ఉంటుంది, నిజమే. గుర్తింపు కార్డు మీద ఆ టికెట్టు తీసుకోవలసిన శనివారం సాయంత్రాన మనవాడు క్యాంపస్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే షిఫ్టులో ఉంటాడు.

నా దృష్టిలో ఈ పోలికను తేల్చే అంశం ఇదే: వద్దని చెప్పే వీలు ఎవరికి ఉంది? మొత్తం ఎంత, రాబడి ఎంత నిలకడ అన్నవి ఆ తరవాతే. టికెట్టు ధర అన్యాయమనిపిస్తే కొనడం మానేసి ఇంట్లో టీవీ ముందు కూర్చోవచ్చు. అలా మానేసేవారు పెరిగితే క్రీడా విభాగం అధిపతికి ఆ కబురు వెంటనే చేరుతుంది. ఫీజు కట్టకపోతే తరువాతి సెమిస్టరు రిజిస్ట్రేషనుకే అడ్డం పడుతుంది. కాదనలేనివారి దగ్గర తీసుకునే డబ్బుకు ఖర్చు పెట్టేవారు జవాబు చెప్పుకోవలసిన అవసరం ఉండదు. కోచ్‌ను మధ్యలో తీసేసి, ఒప్పందం ప్రకారం మిగిలిన ఏళ్ల జీతం కట్టి పంపే అలవాటు ఇంతగా ముదరడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. ఈ చిక్కును వర్జీనియా శాసనసభ ముందే గుర్తించింది. క్రీడల ఖర్చులో విద్యార్థి ఫీజుల వంటి సొంతం కాని రాబడి ఇంతకు మించకూడదని 2015లో చట్టం చేసి, అతి పెద్ద కాన్ఫరెన్సులలో (విశ్వవిద్యాలయాలు తమలో తాము ఆడుకునే కూటములలో) ఆడే జట్లకు 20 శాతం, వాటి కింది వరసకు 55 శాతం, ఆ కింది వరసకు 70 శాతం అని హద్దులు పెట్టింది. డెబ్బై శాతం ఫీజుల మీదే నడవడాన్ని కూడా ‘హద్దు’ అనవలసి వచ్చిందంటే, అంతకు ముందు పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక టికెట్ల పద్ధతికి వస్తే, దాని గట్టి ఉదాహరణ ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం. 2023-24లో 33 కోట్ల డాలర్లకు పైగా రాబడి చూపిన ఆ క్రీడా విభాగం ట్యూషన్ డబ్బు గాని, పన్నుల సొమ్ము గాని ముట్టకుండా నడుస్తున్నది. ఆటలు చూడాలనుకునే విద్యార్థి ‘బిగ్ టికెట్’ అనే పాసు కొనుక్కుంటాడు, అక్కరలేనివాడు కొనుక్కోడు. ఇక్కడ టికెట్టు అంటే సీటు ధర ఒక్కటే కాదన్నది మరవకూడదు. మంచి వరసలో సీటు కొనే హక్కు కోసం ముందుగా విరాళం కట్టాలి. పెద్ద విభాగాల రాబడిలో ఈ విరాళాలది పెద్ద వాటా. 2017 వరకు ఇలాంటి విరాళంలో 80 శాతానికి ఆదాయపు పన్ను మినహాయింపు దొరికేది. ఆ ఏడాది చివర వచ్చిన పన్ను చట్టం దాన్ని పూర్తిగా తీసేయడంతో, పాత నియమం చెల్లే ఆఖరి వారాలలో అభిమానులు రాబోయే సంవత్సరాల విరాళాలు సైతం ముందే కట్టేశారు. మినహాయింపు పోయాక కూడా సీట్లు అమ్ముడవుతూనే ఉన్నాయంటే, కట్టేవారు కావాలనే కడుతున్నారని అర్థం.

టికెట్ల రాబడి తన ఊరు దాటి ప్రయాణించడం మరో విశేషం. పెద్ద స్టేడియం ఉన్న విశ్వవిద్యాలయం చిన్నదాన్ని తన దగ్గరికి పిలిపించి ఆడించుకుని, అందుకు ముందే ఒప్పుకున్న మొత్తం చెల్లిస్తుంది. 2007లో మిషిగన్ నాలుగు లక్షల డాలర్లు ఇచ్చి అప్పలాచియన్ స్టేట్‌ను పిలిపించుకుంది. లక్ష మందికి పైగా చూస్తుండగా దాని చేతిలోనే ఓడిపోయింది. ఆ చెక్కు ఆ చిన్న విశ్వవిద్యాలయానికి తన సొంత టికెట్లతో అంత తేలికగా వచ్చేది కాదు.

ఈ పద్ధతికి ఎదురుదెబ్బలు లేవని చెప్పలేను. ఒహాయో స్టేట్ లాంటి చోటే 2023-24 సంవత్సరాన్ని 3.7 కోట్ల డాలర్లకు పైగా లోటుతో ముగించారు. 2022లో సొంత మైదానంలో ఎనిమిది ఫుట్‌బాల్ ఆటలు ఉండగా 2023లో ఆరే ఉన్నాయి. లక్ష మందికి పైగా పట్టే స్టేడియంలో రెండు శనివారాలు తగ్గితే టికెట్లు, పార్కింగు, తినుబండారాలు అన్నిటి మీదా దెబ్బ పడుతుంది. దానికన్నా పెద్ద గుణపాఠం బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉంది. హేవర్డ్ భూకంపపు పగులు మీదే నిలిచిన కాలిఫోర్నియా మెమోరియల్ స్టేడియాన్ని 32 కోట్ల డాలర్ల ఖర్చుతో పునరుద్ధరించి 2012లో తిరిగి తెరిచారు. దశాబ్దాల పాటు ఒకే సీటులో కూర్చునే హక్కును, సీటు చోటును బట్టి 40 వేల నుంచి రెండు లక్షల పైచిలుకు డాలర్ల దాకా అమ్మి అప్పు తీర్చవచ్చని వేసుకున్న లెక్క అది. అనుకున్నన్ని సీట్లు అమ్ముడుపోలేదు. చివరకు 2018లో ఆ అప్పులో సగానికి పైగా భారం క్రీడా విభాగం నుంచి విశ్వవిద్యాలయం నెత్తి మీదికి మారింది. అంటే, టికెట్ల మీద నడుపుతామని చెప్పి అతి ఆశతో అప్పు చేస్తే, ఆ పద్ధతి కూడా తిరిగి తిరిగి చదువుల బడ్జెట్ దగ్గరికే వస్తుంది. ఆస్టిన్ ఉదాహరణను పట్టుకుని ఇది అందరికీ సాధ్యమే అనేవారు బర్క్‌లీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బర్క్‌లీలో తప్పింది అంచనా; టికెట్టు సూత్రాన్ని అందుకు తప్పుపట్టలేమన్నది నా వాదన, కాని ఆ తేడా అప్పు మోసేవారికి ఊరట ఇవ్వదని ఒప్పుకోవాలి.

ఇంకో అభ్యంతరం కూడా న్యాయమైనదే. టికెట్లు అమ్మి డబ్బు తెచ్చేది చాలా చోట్ల పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మాత్రమే. ఈత, రోయింగ్, జిమ్నాస్టిక్స్, చాలా మహిళా జట్లు తమ ఖర్చు తాము రాబట్టుకోలేవు. టికెట్టే కొలబద్ద అయితే లోటు వచ్చిన ఏడాది మొదట కోత పడేది వీటికే. ఫీజు పద్ధతిని సమర్థించేవారు ఈ జట్లను చూపిస్తారు, చూపించవలసిందే. కాని వసూలైన ఫీజు ఈ జట్లకే చేరుతుందన్న హామీని ఏ బిల్లులోనూ రాయరు.

ఆటల ప్రసార హక్కులకు వచ్చే టీవీ డబ్బు సంగతి ఎక్కువగా చెప్పుకోనక్కరలేదు. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్సు ఏడేళ్లకు కుదుర్చుకున్న ఒప్పందాల విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటేనని వార్తలు వచ్చాయి. పెద్ద కాన్ఫరెన్సులో ఉన్నవారికి అంతకన్నా మంచి రాబడి లేదు. ఆ గుంపులోకి ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించేది విద్యార్థులూ కాదు, టికెట్టు కొనేవారూ కాదు. పాక్-12 అనే మరో కాన్ఫరెన్సులో పన్నెండుకు పది విశ్వవిద్యాలయాలు వెళ్లిపోయి ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగలడం అందరూ చూసిందే. టీవీ డబ్బు దొరికినవారు తీసుకుంటారు, దాన్ని ఎంచుకోదగిన దారిగా లెక్కించలేం. బీరు అమ్మకాలు, స్టేడియానికి కంపెనీ పేరు పెట్టడం వంటివి చిల్లర ఆదాయాలు, వాటితో జట్టు నడవదు.

అన్నీ చూశాక నా మొగ్గు టెనసీ వేసిన పది శాతం వైపే. స్టేడియం నింపలేని విశ్వవిద్యాలయం తన ఖర్చును తన జనానికి తగ్గట్టు కుదించుకోవాలి. అది కుదరక ఫీజే వేయవలసి వస్తే వర్జీనియాలాగా హద్దు పెట్టి, కొన్నేళ్లకొకసారి అప్పుడు చదువుతున్నవారి ఓటు మళ్లీ తీసుకోవాలి.

ప్రస్తుతం దరఖాస్తులు పెడుతున్నవారు విశ్వవిద్యాలయం ఫీజుల పట్టికలో చూడవలసినది ఇంకొకటి ఉంది: అథ్లెటిక్ ఫీజు క్రెడిట్ల లెక్కనా, సెమిస్టరుకు ఒకే మొత్తమా అన్నది. ఆఖరి సెమిస్టరులో డిగ్రీకి ఒక్క కోర్సే మిగిలి, విదేశీ విద్యార్థుల కార్యాలయం అనుమతితో మూడు క్రెడిట్లే తీసుకునేవారికి మొదటి రకంలో ఫీజు మూడో వంతుకు దిగుతుంది. రెండో రకంలో, తక్కువ క్రెడిట్లవారికి మినహాయింపు ఉందని విడిగా రాసి ఉంటే తప్ప, తగ్గదు.