టైరు మీద పడ్డ సిల్వర్ పెయింటుకి బ్రేక్ ఆయిల్: మూడు సంక్రాంతుల తర్వాత

మా మాస్సీ 1035 ట్రాక్టరుకి బ్రేక్ ఆయిల్‌తో పనే లేదు. దాని బ్రేకులు రాడ్లు లాగితే పట్టే పాతరకం. అయినా మూడేళ్ళుగా మా పశువుల పాక చూరులో ఒక సీసా ఎప్పుడూ ఉంటోంది. టైర్ల మీద పడ్డ పెయింటు తీయడానికి. ఇంతకంటే బాగా పనిచేసిన సరుకు నేను చూడలేదు. నన్ను ఇంత కంగారు పెట్టింది కూడా మరొకటి లేదు.

బండి నాన్నగారు కొన్నది. కొబ్బరితోటలో చాలాకాలం మూలపడి ఉంటే బాగుచేయించాం. ఇంజిను పని, గేర్లు, పంపు, ఆ కథలన్నీ అందరి ఇళ్ళలోనూ ఒకటే కాబట్టి వదిలేస్తున్నాను. తంటా అంతా ఆఖర్న రిమ్ముల దగ్గర వచ్చింది. టైర్లు విప్పించి రంగు వేయించాల్సింది. వెనక టైర్లలో బరువు కోసం నీళ్ళు నింపి ఉన్నాయి, భోగి నాలుగు రోజుల్లో ఉంది. "అలాగే కొట్టేద్దామండీ, పేపర్లు అంటిస్తాను" అన్నాడు పెయింటరు. సరే అన్నది నేనే, కాబట్టి పాపంలో సగం నాది. టేపు ఇనుముకి పట్టినట్టు రబ్బరుకి పట్టదు. పైగా కాలవగట్టు గాలి. కంప్రెసర్ ఆపేసరికి రిమ్ము చుట్టూ జానెడు మేర టైరు మీద విభూతి చల్లినట్టు సిల్వర్.

అతను కంగారుపడి గుడ్డ థిన్నర్‌లో ముంచి తుడిచేశాడు. ఇప్పటికీ నా కోపం ఆ గుడ్డ మీదే. థిన్నర్ పెయింటుని కరిగిస్తుంది, నిజమే. రబ్బరు పైపొరనీ వదలదు. గుడ్డకి అంటిన నలుపు చూసి మురికి పోతోందనుకున్నాను. అది టైరు నలుపేనని తర్వాత తెలిసింది. పల్చబడ్డ సిల్వర్ కాస్తా, ఎండలకి పడిన సన్నటి పగుళ్ళలోకి దిగిపోయింది. ఎండకీ గాలికీ చిట్లకుండా టైరు రబ్బరులో ఒకరకం మైనం కలుపుతారు, అది లోపల్నుంచి మెల్లమెల్లగా పైకి ఊరుతూ ఉంటుంది. పైకి వచ్చినదాన్ని కూడా థిన్నర్ కడిగేసింది. ఆరాక చూస్తే తుడిచినంత మేరా వెలిసిపోయిన గొడుగు గుడ్డలా ఉంది. "పోనీ పైన నల్లరంగు కొట్టేయనాండీ?" అన్నాడు. టైరు నడిస్తే వంగుతుంది, ఆరిన ఎనామిల్ వంగదు, పెచ్చులూడుతుంది. దండం పెట్టి పంపేశాను. అదృష్టం ఏంటంటే అప్పటికి అతను తుడిచింది ఎడమ టైరు ఒక్కటే.

బ్రేక్ ఆయిల్ సంగతి చెప్పింది సెంటర్లో వ్యాన్లు బాగుచేసే మేస్త్రి గారు. "కారు బానెట్టు మీద ఒక్క చుక్క పడితే రంగు లేచిపోద్దండి. అదే ఆయిలు బ్రేకుల్లో రబ్బరు వాషర్లని తడుపుతా ఏళ్ళ తరబడి ఉంటది, ఆటినేం చెయ్యదు. మరి టైరునేం చేస్తదండీ?" నాకు కాదనడానికి ఏమీ దొరకలేదు. సీసా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉండాలి. అవి గ్లైకాల్ రకం, పెయింటుని ఉబ్బించి పట్టు వదిలిస్తాయి, తర్వాత నీళ్ళతో కడిగితే పోతాయి. డాట్ 5 అని సిలికాన్ రకం ఉంది, అది పెయింటు జోలికి పోదు కాబట్టి మనకి దండగ.

కుడి టైరు మీద పాత టూత్ బ్రష్‌తో రాసి, టీ తాగి వచ్చి చూశాను. ఏమీ మారలేదనిపించింది. గోటితో గీకితే సిల్వర్ మెత్తగా ముద్దలా గోట్లోకి వచ్చింది. అప్పుడు గుప్పెడు కొబ్బరి పీచు తీసుకుని గుండ్రంగా రుద్దాను. మా దగ్గర పీచుకి కొదవేముంది! ఇనుప బ్రష్షు మాత్రం పెట్టకండి, గీతలు పడతాయి. రుద్దేకొద్దీ కింద నుంచి నల్లటి రబ్బరు, అచ్చం మొదటి నలుపుతో బయటపడింది. 12.4-28 అని ఉబ్బెత్తుగా ఉన్న అంకెల దగ్గర కాస్త ఓపిక పట్టాలి. 8 అంకె రెండు సున్నాల్లో ఇరుక్కున్న సిల్వర్‌ని వెదురుపుల్ల మొన చెక్కి తీశాను. సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగాక నాన్నగారు వచ్చి చేత్తో తడిమి చూసి, "ఇది మన టైరేనా?" అన్నారు. ఆ కనుమనాడు పిల్లల్ని వెనక తగిలించిన ట్రక్కులో ఎక్కించుకుని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. దారిలో కనబడినవాళ్ళందరికీ బ్రేక్ ఆయిల్ గురించి చెప్పాను.

ఆ చెప్పడమే కొంప ముంచింది. మరుసటేడు మా బావ తన బండి రిమ్ములకి రంగు వేయించి, అచ్చం మాలాగే టైర్ల మీద చిందించుకుని, నన్ను పిలిచాడు. నేనేమో డాక్టరు గారిలా సీసా చేత్తో పట్టుకుని వెళ్ళాను. టైరు చుట్టూ, పైనా కిందా, ఉదారంగా పూశాను. ఇంతలో అక్క భోజనానికి పిలిచింది. పులస కాలం కాదు కానీ చేపల పులుసే, లేవబుద్ధి కాలేదు. గంట తర్వాత వచ్చి చూస్తే, టైరు పైసగంలో రాసిన ఆయిలు జారి, రిమ్ము అంచు దాటి లోపలికి దిగింది. రంగు వేసి వారం కాలేదు, ఇంకా పచ్చిది. పాల మీద మీగడ ముడుచుకున్నట్టు నాలుగు చోట్ల పెయింటు ముడతలు పడి ఉంది. గుడ్డ పెట్టి ఒత్తితే ఆ గుడ్డతోపాటే లేచి వచ్చింది, కింద ఎర్ర ప్రైమర్. బావ ఒక్క మాట అనలేదు. "ఏం పర్లేదులే" అన్నాడు. ఆ మాటలోనే అన్నీ ఉన్నాయి. రిమ్ము మళ్ళీ గీకించి, మళ్ళీ రంగు వేయించడానికి డబ్బు నేనే పెట్టాను.

తర్వాత బుర్రకెక్కిన సంగతి చిన్నపిల్లలకి తోచేదే. టైరు పైసగంలో రిమ్ము కిందుంటుంది, ఆయిలు జారితే దాని మీదికే. కిందిసగంలో రిమ్ము పైనుంటుంది, జారితే నేల మీదికి. కాబట్టి కిందిసగానికే రాయాలి, శుభ్రం చేసి కడగాలి, బండిని సగం చుట్టు ముందుకి నడిపి మిగతా సగం పట్టాలి. నేల మీద ఊక పరిస్తే కారిందంతా పీల్చుకుంటుంది. అది విషం, దూడలూ కోళ్ళూ అటు రాకుండా చూసుకోవాలి, ఆ ఊకని కాలవలో వేయకూడదు. చేతులకి తొడుగులు నేను మొదటిసారి వేసుకోలేదు, రెండు రోజులు చర్మం పొడిబారి మండింది.

మొదట్లో అన్నంత గొప్పది కాదేమో అని కూడా ఇప్పుడు అనిపిస్తోంది. గాలికి చల్లుకున్న పల్చటి పొర మీద అద్భుతం. బ్రష్షు నుంచి కారి గడ్డకట్టిన లావుపాటి చుక్కల మీద రెండు మూడుసార్లు రాయాలి. ఒక వానాకాలం దాటిన పెయింటు అయితే పూట పడుతుంది. పగుళ్ళలోకి దిగిన దాన్ని ఏదీ తీయలేదు. మూడేళ్ళలో రబ్బరు ఉబ్బలేదు, మెత్తబడలేదు. అయితే మాది నీడపట్టున ఉండే బండి, రోజూ లోడు లాగే టైరు మీద ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

పొలంలో ఓసారి తిప్పితే పెయింటు అదే పోతుందని చాలామంది అంటారు. మెట్టలో పోతుందేమో. మా డెల్టాలో జూన్‌లో కాలవలకి నీళ్ళు వదలగానే టైర్లు విప్పేసి దమ్ము చక్రాలు బిగిస్తాం. బురదంతా ఆ ఇనుప చక్రాలది, టైర్లేమో పాకలో గోడకి ఆనుకుని సిల్వర్‌తో సహా విశ్రాంతి తీసుకుంటాయి.

సీసాకి నేను డబ్బు పెట్టను. మూత తీసిన బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, మళ్ళీ బ్రేకుల్లో పోయకూడదు, పోస్తే వేడికి ఆవిరి బుడగలు పుట్టి బ్రేకు అందదు. మేస్త్రి గారి దగ్గర మిగిలిపోయిన అలాంటి సీసాలు అడిగి తెచ్చుకుంటాను. రెండు వెనక టైర్లకి పావులీటరు కూడా పట్టదు.

ఈసారి సంక్రాంతికి ముందు రిమ్ములకి మళ్ళీ రంగు వేయించాం. ఈసారి పేకముక్కలు వాడాం, మా జిల్లాలో పండక్కి అవి దొరక్కపోవడమన్నది ఉండదు కదా. టైరులో గాలి కాస్త తగ్గించి, రిమ్ము అంచుకీ రబ్బరుకీ మధ్య ముక్క పక్కన ముక్క కొంచెం ఎక్కించుకుంటూ గుచ్చాం. వెనక టైరుకి ఒక వైపు ఒక కట్ట, జోకర్లతో సహా, సరిగ్గా సరిపోయింది. వాటి మీద పేపరు. దాదాపు చుక్క పడలేదు. ఇలాంటి వీలుంటే మీకు బ్రేక్ ఆయిల్‌తో పనే పడదు. ఏడాది పొడుగునా తిరిగే బండి అయితే అసలు పట్టించుకోకండి, ఎరువు లోడు రెండు ట్రిప్పులు వేస్తే ఎవరి కంటికీ ఆనదు. మాలాగా పండక్కి బయటికి తీసి ముచ్చటపడేవాళ్ళయితే సీసా ఒకటి ఉంచుకోండి, భోజనం చేసి వచ్చాక మొదలుపెట్టండి.

థిన్నర్ తగిలిన ఎడమ టైరు మాత్రం అలాగే ఉండిపోయింది. దగ్గరికి వెళ్ళి చూస్తే పగుళ్ళలో ఇప్పటికీ వెంట్రుకల్లా సిల్వర్ గీతలు. పాకలో బండి పెట్టేటప్పుడు ఎడమవైపు గోడకి చేరుస్తాను. ఫొటో దిగుతామన్న వాళ్ళని కుడివైపు నిలబెడతాను.